చైనా పద్ధతిలో పంది మాంసం వేపుడు: ముందు ఉడికించండి, తర్వాతే వేపండి

రోగిని ఇంటికి తీసుకువెళ్ళే రోజున బంధువులు తరచుగా అడిగే ప్రశ్న: "సిస్టర్, పంది మాంసం పెట్టవచ్చా?" పండుగ వస్తే పిల్లలు చైనీస్ వేపుడు కావాలంటారు. డాక్టరుగారు మాంసం తినవచ్చని చెప్పినవారు తినవచ్చు. అయితే వండే విధానం తెలిసి ఉండాలి.

ఎందుకీ జాగ్రత్త?

సరిగా ఉడకని పంది మాంసంలో బద్దెపురుగు పిల్లలు బతికి ఉండవచ్చు. అవి మన పేగుల్లో చేరి పెద్ద పురుగులవుతాయి. వాటి గుడ్లు ఆ మనిషి మలంలో బయటికి వస్తాయి. అతడు చేతులు కడుక్కోకుండా వంట చేసినా, ఆ గుడ్లు అంటిన కూరగాయలను ఎవరైనా కడగకుండా తిన్నా, అవి కడుపులోకి వెళ్ళి, రక్తం ద్వారా మెదడుకు చేరి ఫిట్స్ తెప్పించవచ్చు. అందుకే పంది మాంసం ముట్టనివారికి కూడా ఈ జబ్బు వస్తుంది.

చైనాలోని సిచువాన్ ప్రాంతంలో ఒక కారపు వేపుడు ఉంది. దాని పేరుకు "మళ్ళీ బాణలిలోకి వచ్చిన మాంసం" అని అర్థం. ముందు ఉడికించి, తర్వాత వేపుతారు. మన ఇళ్ళకు ఇదే మంచి పద్ధతి. పచ్చి ముక్కలను పెద్ద మంట మీద వేపితే పైన ఎర్రబడినా లోపల పచ్చిగా ఉండవచ్చు.

చేసే విధానం

1. కొవ్వు, కండ పొరలుగా ఉన్న మాంసం అర కిలో తీసుకోండి. సగ్గుబియ్యం లాంటి తెల్లని బుడిపెలు కనిపిస్తే కొనవద్దు.

2. అల్లం ముక్క వేసి, మాంసం మునిగేలా నీళ్ళు పోసి 40 నిమిషాలు ఉడికించండి. మధ్యలో కోసి చూడండి. లోపల ఎరుపు ఉంటే ఇంకా ఉడకాలి.

3. చల్లారాక పలుచగా కోయండి. పచ్చి మాంసం కోసిన కత్తి, పలక సబ్బుతో కడగనిదే వాడవద్దు.

4. ఒక చెంచా నూనెలో ముక్కలు వేపండి. ఊరిన కొవ్వు తీసివేయండి.

5. సిచువాన్‌లో చిక్కుడు గింజలు, మిరపకాయలు ఊరబెట్టిన ముద్ద వేస్తారు. అది దొరకకపోతే నానబెట్టిన ఎండుమిర్చి, వెల్లుల్లి నూరి వేయండి. పచ్చివాసన పోయాక ఉల్లికాడలు, 2 చిన్న చెంచాల సోయా సాస్ వేసి దించండి.

వేరే ఉప్పు వేయవద్దు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే 2 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజుకు 5 గ్రాములు మించకూడదు. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరును అడగనిదే ఈ వేపుడు తినరాదు.

ఇంట్లో ఎవరికైనా మొదటిసారి ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టి కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకురండి. మందులు వాడుతున్నవారు మధ్యలో మానవద్దు.

మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చాక, వంటకు ముందు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ప్రభువు మీ కుటుంబాన్ని ఆరోగ్యంతో కాపాడును గాక.