మూడు నెలలు ఊరు విడిచి పోతే పుట్టి ఎక్కడ పెట్టాలె? సాగర్ ఒడ్డు లెక్కలు

ఇయ్యాల ఎపిసోడ్ ఒక తమ్ముడు పంపిన మెసేజ్ మీద చేస్తున్న. ఆ తమ్ముడు ఏమడిగిండంటే, "అన్నా, నేను మూడు నెలలు హైదరాబాద్‌కు పనికి పోతున్న. నా పుట్టిని ఎక్కడ పెట్టాలె? ఒడ్డు మీద ఇడిస్తే ఉంటదా పోతదా? కిరాయికి పెడదామంటే ఎంతియ్యాలె?" అని. చిన్న ప్రశ్నలాగ కనిపిస్తది గానీ, చేపల మీద బతికే ఇంటికి పుట్టి పోవుడంటే ఆటో డ్రైవర్‌కు ఆటో పోయినట్టే. అందుకే పూర్తిగా మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. తిరుమలగిరి అంటే సూర్యాపేట దిక్కు తిరుమలగిరి ఒకటుంది, సికింద్రాబాద్‌ల ఒకటుంది. నేను చెప్పేది మన నల్లగొండ జిల్లా తిరుమలగిరి, సాగర్ పక్కన ఉన్నది. 2016లో జిల్లాలు, మండలాలు మారినప్పుడు ఇది కొత్త మండలమైంది. మనకు నీళ్లు రెండు రకాలు. డ్యామ్ పైన పెద్ద జలాశయం, డ్యామ్ కింద టెయిల్ పాండ్. పడవ పెట్టే లెక్క ఈ రెండు చోట్ల ఒక్కటి కాదు. ఎందుకో చెప్తా.

మా మామ పుట్టి సంగతి

నేను ఈ విషయం ఎందుకింత సీరియస్‌గా తీసుకుంటున్ననో చెప్పాలె. మా మేనమామ 12 వేలు అప్పు తెచ్చి పుట్టి చేయించుకున్నడు. ఒక ఏడు వానాకాలంల జ్వరమొచ్చి ఇంట్ల పన్నడు. పుట్టిని నీళ్ల నుంచి ఓ వంద అడుగులు పైకి గుంజి, బోర్లేసి, ఒక రాయికి కట్టి వచ్చిండు. "వంద అడుగులంటే శానా దూరం కదా" అనుకున్నడు. నాలుగో రోజు పోయి చూస్తే పుట్టి లేదు, రాయి లేదు, అసలు ఆ జాగనే లేదు. అంతా నీళ్లే. ఎవలూ దొంగతనం చెయ్యలే. కృష్ణమ్మ వచ్చి తీస్కపోయింది.

ఆ తర్వాత ఒక సీజన్ మొత్తం మామ వేరేవాళ్ల పుట్టిల కూసోని సగం పాలుకు పనిచేసిండు. అప్పు మాత్రం పూర్తిగా ఆయన మీదనే ఉండె. మామ చేసిన తప్పు ఒక్కటే. దూరం చూసిండు, ఎత్తు చూడలే.

దూరం కాదు, ఎత్తు చూడాలె

ఇది జాగ్రత్తగా వినండి, ఈ ఎపిసోడ్‌ల అసలు ముచ్చట ఇదే.

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలం చివరికి వచ్చేసరికి నీళ్లు 510, 520 అడుగుల దాకా దిగిపోయిన సంవత్సరాలు ఉన్నయి. అంటే నీటి అంచుకు, నిండినప్పుటి అంచుకు మధ్య నిలువుగానే 70, 80 అడుగుల తేడా.

ఇప్పుడు ఒడ్డు వాలు చూడండి. మన దిక్కు కొన్ని చోట్ల 20 అడుగులు నడిస్తే గానీ ఒక అడుగు ఎత్తు పెరగదు. అక్కడ నీళ్లు ఒక్క అడుగు పెరిగితే, ఒడ్డు 20 అడుగులు వెనక్కి జరుగుతది. 70 అడుగులు పెరిగితే 1400 అడుగులు జరుగుతది. మామ పెట్టింది 100 అడుగుల దూరంల. అంటే నీటికంటే 5 అడుగులే ఎత్తు.

మరి నీళ్లు ఎంత స్పీడుగా వస్తయి? పైనుంచి లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే సుమారు 8.6 టీఎంసీలు చేరినట్టు. వరద టైంల 4 లక్షల క్యూసెక్కులు వచ్చిందనుకోండి, రోజుకు దగ్గర దగ్గర 35 టీఎంసీలు. సాగర్‌ల 510 అడుగుల దగ్గర సుమారు 131 టీఎంసీలు ఉంటే, 590 దగ్గర 312 ఉంటయి. మధ్యన 80 అడుగులకు 181 టీఎంసీలు. అంటే అడుగుకు సగటున రెండుంబావు టీఎంసీలు. దీంతో లెక్కగడితే 35 టీఎంసీలకు ఒక్క రోజుల 15 అడుగుల దాకా పెరగొచ్చు. కాల్వలకు, కరెంటుకు పోయేది తీసేస్తే కొంత తగ్గుతది. అయినా అదే వాలు మీద 15 అడుగులంటే ఒడ్డు 300 అడుగులు జరిగినట్టు, అదీ ఒక్క రోజుల. మామ పుట్టి ఒక్క పూటకు కూడా ఆగదు.

కాబట్టి రూల్ ఏందంటే, వానాకాలంల పడవను 590 గీత పైన పెట్టాలె. ఆ గీత ఎట్ల తెలుస్తది? రాళ్ల మీద నీటి మరక చూడండి, ఒక ఎత్తు దాకా తెల్లగా, దాని పైన రాయి అసలు రంగుల ఉంటది. పెద్ద చెట్లు ఎక్కడ మొదలైతయో చూడండి. ఏటా మునిగే జాగల పెద్ద చెట్టు పెరగదు. అనుమానముంటే ఊర్ల పెద్దమనిషిని అడగండి, "నిండినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వస్తయి తాతా" అంటే వేలు పెట్టి చూపిస్తడు.

డ్యామ్ కింద వేరే లెక్క

డ్యామ్ కింద 21 కిలోమీటర్ల దూరంల టెయిల్ పాండ్ ఆనకట్ట ఉంది. సాగర్ ప్రధాన పవర్ హౌస్‌ల 8 యూనిట్లున్నయి, మొత్తం 815.6 మెగావాట్లు. వీటిల 7 యూనిట్లు రెండు రకాలుగా తిరుగుతయి. కరెంటు తయారు చేసేటప్పుడు నీళ్లు కిందికి ఇడుస్తయి, అవసరమైతే కింది నీళ్లను మళ్లీ పైకి తోడుతయి. దీనివల్ల ఏమైతదంటే, పైన జలాశయంల నీళ్లు రోజుల లెక్కన మారితే, కింద గంటల లెక్కన మారుతయి. పొద్దున బురదల ఉన్న పడవ మధ్యాహ్నం తేలొచ్చు, తేలిన పడవ రాత్రికి రాళ్ల మీద కూసోవచ్చు. గేట్లు ఎత్తిన రోజు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. కింద దిక్కు నీళ్లల్ల పడవ కట్టేసి ఊరు విడిచి పోవుడు అస్సలు వద్దు.

ఎక్కడ పెట్టొచ్చు? నాలుగు దారులు

ఒకటి, నీళ్లల్లనే కట్టేసుడు. ఇది రెండు మూడు రోజులకే పనికొస్తది, అదీ చలికాలం లాంటి నెమ్మది టైంల. పుట్టిని ఖాళీగా నీళ్లల్ల ఇడవొద్దు. రెండు మీటర్ల వెడల్పున్న పుట్టి అనుకోండి, దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే లోపల 300 లీటర్ల పైనే నీళ్లు చేరుతయి. అంటే మూడు క్వింటాళ్ల బరువు. గాలి తోడైతే మునుగుడే. ఫైబర్ పడవైతే రెండు దిక్కుల కట్టాలె, ముందు లంగరు, వెనక ఒడ్డుకు మోకు. తాడు బిగించి కట్టొద్దు. నీళ్లు పెరిగితే బిగిసిన తాడు పడవ మూతిని కిందికి గుంజుతది. నీళ్లు తగ్గితే పడవ రాయి మీద వేలాడతది. లంగరు తాడు నీటి లోతుకు కనీసం ఐదంతలు ఉండాలె.

రెండు, ఇంటికి తెచ్చుకునుడు. పుట్టి అయితే ఇద్దరు మోసి ట్రాలీ ఆటోల బోర్లేస్తరు. పోయిన ఏడు మేము ఒక దిక్కుకు 700 ఇచ్చినం. పోను రాను 1400. ఇంటి ముంగట కళ్ల ముందుంటది, నిద్ర పడతది.

మూడు, ఒడ్డు దగ్గరి రైతు షెడ్డు. బర్రెల కొట్టం పక్కన, మోటారు రూమ్ వెనక జాగ ఉంటది. మేము నెలకు 200 మాట్లాడుకున్నం. ఇప్పుడు లెక్క చూడండి. మూడు నెలలకు 600. ఇంటికి తెస్తే 1400. ఏడు నెలల లోపల తీసుకునేది ఉంటే మాకు షెడ్డే అగ్గువ, అంతకంటే ఎక్కువైతే ఇల్లే అగ్గువ. మీ ఊర్ల ధరలు వేరే ఉంటయి, కానీ లెక్క చేసే పద్ధతి ఇదే. పోను రాను కిరాయిని నెల కిరాయితో భాగించండి, ఎన్ని నెలలకు సమానమో తెలుస్తది.

నాలుగు, మత్స్య సహకార సంఘం. మీరు మెంబర్ అయితే ఇది అన్నిటికంటే మంచిది. పది పుట్లు ఒక్క దగ్గర, ఎత్తు మీద, వంతుల వారీగా ఒకరు కావలి. వేట ఆపే రోజుల్ల అందరివీ ఎట్లాగూ ఒడ్డుకే వస్తయి. వానాకాలం చేపలు గుడ్లు పెట్టే టైం కాబట్టి వేట ఎప్పుడు ఆపాలె, ఎప్పుడు మొదలుపెట్టాలె అనేది ఆ ఏటి తేదీలు మత్స్యశాఖ ఆఫీసుల అడగండి. సంఘంల లేనివాళ్లు కూడా అడిగి చూడండి, ఒక కావలి వంతు తీసుకుంట అంటే కాదనేవాళ్లు తక్కువ.

ఇంకో రెండు జాగల గురించి కూడా చెప్పాలె. నాగార్జునకొండకు టూరిస్టు లాంచీలు పోయే జెట్టీ మంచిగ కనిపిస్తది గానీ, అది లాంచీల కోసం. పర్మిషన్ లేకుండ అక్కడ కట్టొద్దు. అట్లనే సాగర్ చుట్టూ కొంత ఒడ్డు పులుల అభయారణ్యం కిందికి వస్తది. "అడవిల ఎవలు చూస్తరు" అని పడవ దాచిపెడితే, తర్వాత ఫారెస్ట్ వాళ్లకు సమాధానం మీరే చెప్పాలె.

షెడ్డుకు మాట, దానికొక రాత

"మనోళ్లే కదా" అని నోటిమాట మీద పెట్టి రావొద్దు. స్టాంపు పేపర్ ఏం అక్కర్లేదు. వాట్సాప్‌ల ఒక మెసేజ్ చాలు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నెలకు ఎంత, ముందు ఎంత ఇచ్చిన, తెడ్లు వలలు కూడా పెట్టిననా లేదా, మధ్యల ఎవలన్న అడిగితే వాడనియ్యాలా వద్దా. ఈ చివరిది ముఖ్యం. ఎక్కువ గొడవలు పడవ పోయినందుకు రావు, "ఒక్క పూటకే ఇచ్చిన కాకా" అన్న కాడ వస్తయి. మెసేజ్ పెట్టి, అవతలి మనిషితోని "సరే" అనిపించుకోండి. పెద్దాయనకు ఫోన్ రాకపోతే కొడుకు ఫోన్‌కు పెట్టండి, కానీ పెద్దాయన ముందు చదివి వినిపించండి.

పెట్టే ముందు ఐదు పనులు

కడిగి, ఒక రోజు ఎండల ఆరబెట్టండి. తడితో పెడితే వెదురు బద్దలు కుళ్లుతయి.

బోర్లేసి, కింద రాళ్లో ఇటుకలో పెట్టి నేల నుంచి జానెడు ఎత్తుల ఉంచండి. నేలకు ఆనితే చెదలు వెదురును వదలవు.

నీడల పెట్టండి. తారు పూసిన పట్టా, ఫైబర్, థర్మాకోల్ తెప్ప, ఏదైనా సరే నెలలకు నెలలు ఎండల ఉంటే పెళుసైతది. పైన కవర్ కప్పితే గాలి ఆడేటట్టు కప్పండి, బిగించి చుట్టొద్దు.

వలలు పడవ కింద పెట్టొద్దు. చేప వాసనకు ఎలుకలొస్తయి, వలతోపాటు పట్టాను కూడా కొరుకుతయి. వలను వేరేగా ఎత్తుల వేలాడదీయండి. ఇంజన్ ఉంటే పెట్రోల్ తీసేసి ఇంటికి తెచ్చుకోండి.

గాలి దుమారానికి పుట్టి చక్రంలాగ దొర్లుకుంట పోతది. రెండు దిక్కుల గూటాలు కొట్టి కట్టండి.

ఫోన్ ఉన్నది ఎందుకు?

మన అయ్యలకు లేని సౌలతు మనకు ఉంది. పడవను నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీయండి. లోపల ఎవలకూ కనిపించని దగ్గర ఒక గుర్తు చెక్కి, దాని ఫొటో కూడా తీయండి. కొన్న రసీదు ఫొటో తీయండి. పెట్టిన జాగ లొకేషన్ సేవ్ చేసి ఇంట్ల ఇంకొకరికి పంపండి. పోయిందని పోలీస్ స్టేషన్‌కు పోతే "నీదే అని ఏం గ్యారంటీ" అన్న ప్రశ్నకు ఇవే జవాబు. 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజన్ పడవలకు రిజిస్ట్రేషన్ ఉండాలె. ఇంజన్ లేని పడవల పేర్లు స్థానిక సంస్థల దగ్గర రాయించుకునే ఏర్పాటు కూడా అదే చట్టంల ఉంది. మీ పంచాయతీల అడిగి చూడండి.

ఇక నీటిమట్టం. కేంద్ర జల సంఘం వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా అనే యాప్ 2023 నుంచి ఉంది, ఫ్రీ. మనం సాగర్ ఒక్కటే చూస్తే లేటైతది. శ్రీశైలం చూడాలె. దాని పూర్తి మట్టం 885 అడుగులు. అది 880 దాటిందంటే మన దిక్కు వరద బయలుదేరబోతున్నట్టే లెక్క. ఆ రోజే ఇంటికి ఫోన్ చేసి పడవ ఎక్కడుందో చూడమనండి. "ఆగస్టుల కదా గేట్లు తీసేది" అని క్యాలెండర్ నమ్ముకోవద్దు. 2024ల ఆగస్టు మొదటి వారం తీసిన్రు, 2025ల జూలై నెలాఖరుకే తీసిన్రు. నీళ్లకు తేదీ తెల్వదు.

కాబట్టి మెసేజ్ పెట్టిన తమ్ముడికి నా జవాబు ఇది. మూడు నెలలే కాబట్టి 590 గీత పైన ఉన్న రైతు షెడ్డు చూసుకో, వాట్సాప్‌ల రాసుకో, కింద రాళ్లు పెట్టి బోర్లెయ్, వల ఇంటికి తెచ్చుకో. పోయే ముందు ఇంట్ల అమ్మకో తమ్ముడికో జాగ చూపించి పో. నువ్వు హైదరాబాద్‌ల ఉన్నప్పుడు శ్రీశైలం వార్త నువ్వు చూస్తవు, కానీ పుట్టి దగ్గరికి ఉరికేది వాళ్లే.

మా మామ ఇప్పుడు మళ్లీ సొంత పుట్టి మీదనే ఉన్నడు. వానాకాలం వస్తే దాన్ని పెద్ద చింతచెట్టు కిందికి తెచ్చి పెడతడు. "గింత దూరం ఎందుకు మామా" అని అడిగిన. "దూరం కాదురా, ఎత్తు" అన్నడు.

మీ ఊర్ల పడవలు ఎక్కడ పెడతరు, నెలకు ఎంత తీసుకుంటరు, కామెంట్ల రాయండి. వేరే ఊరోళ్లకు ఆ ధర పనికొస్తది. ఒడ్డు మీద పుట్టి ఇడిచిన దోస్తు ఎవలన్న ఉంటే ఈ వీడియో ఇయ్యాలే పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటా.