‘ఫీజిబుల్’ అను మాట: అర్థము, వాడుక

ఆంగ్లమున నిత్యము వినవచ్చు విశేషణములలో ‘ఫీజిబుల్’ ఒకటి. దీనిని ‘పాసిబుల్’ అను మాటతో సమానముగా నెంచి, రెంటిని ‘సాధ్యము’ అని తెలిగించుట పరిపాటియైనది. కాని యీ రెంటికిని గల భేదము స్వల్పమైనది కాదు.

పాసిబుల్ అనునది ‘శక్తి కలిగియుండుట’ అను నర్థము గల లాటిన్ క్రియనుండి పుట్టినది. ఫీజిబుల్ అనునది ‘చేయుట’ అను నర్థము గల ఫ్రెంచి క్రియనుండి వచ్చినది. 1954 వరకు ఫ్రెంచి పాలనలోనుండిన యానాములో ఆ భాష చదివినవారు ‘ఫెజాబ్ల్’ అను రూపమున దీని నెఱుగుదురు. మొదటిది జరుగుటకు అవకాశమున్న దానిని తెలుపును. రెండవది, చేతనున్న ధనముతో, మనుష్యులతో, కాలములో చేయ వీలగు పనిని తెలుపును. ఏటిపై వంతెన కట్టుట పాసిబులే. కాని గ్రామపంచాయతీ తన రాబడితో దానిని ఈ యేడే కట్టుట ఫీజిబుల్ కాకపోవచ్చును. రేపు వాన కురియుట పాసిబుల్ అనవచ్చును గాని ఫీజిబుల్ అనరాదు. వాన యొకరు చేయు పని కాదు గదా. ఆంగ్లవాడుకను గూర్చి 1926లో వెలువడిన నిఘంటువున ఫౌలర్ ఈ దుర్వినియోగమునే ఖండించెను.

ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి ఇందు మఱియొక చిక్కు కలదు. పాసిబుల్ అనుటకు కన్నడిగులు ‘సాధ్య’ యనియు, మరాఠీలు ‘శక్య’ యనియు, ఒడియా వారు ‘సంభవ’ యనియు వాడుదురు. తమిళులు ‘ముగియుట’ అను క్రియతో ‘ముడియుమ్’ అందురు. మూడు సంస్కృతపదములును తెలుగున నున్నవే గాని, అర్థము లొకటి కావు. తెలుగున సంభవము జరుగుట, శక్యము ఒకని శక్తికి లోబడినది, సాధ్యము సాధింపదగినది. కావున పొరుగుభాషలోని మాటను యథాతథముగా దింపినచో అర్థము చెడును.

ఫీజిబుల్ అనుటకు తెలుగున ‘వీలగునది’, ‘వీలుపడునది’ అనునవి సహజమైన మాటలు. శాస్త్రరచనకు ‘ఆచరణసాధ్యము’ తగును. ఆయుర్వేదము రోగములను సుఖసాధ్యము, కృచ్ఛ్రసాధ్యము, అసాధ్యము మున్నగు విధముల విభజించినది. కష్టమైనదెల్ల అసాధ్యము కాదను వివేక మందు కలదు.

ఈ వివేకము అర్జీల విషయమున మిక్కిలి యవసరము. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని, 1956 నాటి ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. తెలుగు తరగతి కోరి పెట్టుకొన్న అర్జీకి ‘ఫీజిబుల్ కాదు’ అని బదులు వచ్చెననుకొందము. దానిని ‘అసాధ్యము’ అని తెలిగించి సంఘసభలో చదివినచో, ప్రయత్న మంతటితో నాగిపోవును. కాని యా మాటకు ‘ఇప్పుడున్న సాధనములతో వీలుపడదు’ అనియే యర్థము. అప్పుడడుగవలసిన ప్రశ్న యొక్కటియే: కొరత యేది? పిల్లల సంఖ్యయా, ఉపాధ్యాయుడా, పుస్తకములా, గదియా? కొరతను పేర్కొనుమని మరల వ్రాసి, తమకు చేతనైనది తామే సమకూర్చి, తక్కినదానికై మరల అర్జీ పెట్టవచ్చును.

అసాధ్యమైన దానిని విడిచిపెట్టుట వివేకము. వీలుపడనిదానికి వీలు కల్పించుట పురుషకారము. మాట యర్థము సరిగా నెఱిగినవారికే యీ రెంటి భేదము తెలియును.