ఇంటి క్రిందనే యున్న చల్లదనము

బావినీరు చలికాలపు తెల్లవాఱుజామున గోరువెచ్చగను, రోహిణీకార్తె మధ్యాహ్నమున చల్లగను తోచుట మన రైతులందఱు ఎఱిగినదే. నీరు అంతగా మాఱుట లేదు. మాఱునది పైనున్న గాలియే. భూమి పైపొర యెండకు కాగుచు, చలికి చల్లబడుచుండును గాని, మూడు నాలుగు మీటర్ల లోతున ఈ హెచ్చుతగ్గులు మిక్కిలి తగ్గిపోవును. ఇంకను లోతునకు బోయినచో ఏడాది పొడవున ఒకే తీరున, ఆ ప్రాంతపు సగటు ఉష్ణమునకు దగ్గఱగ నుండును. మన ఉత్తర తెలంగాణమున అది 28 డిగ్రీలకు అటునిటు.

జగిత్యాల జిల్లాకు చేరిన మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములయందు ఇది కేవలము శాస్త్రచర్చ గాదు. 2024 మే మాసారంభమున ఉత్తర తెలంగాణమందు పలుచోట్ల ఎండ 46 డిగ్రీలను మించినది. ఎండ ముదురుచుండగనే ఇండ్ల తీరును మాఱినది. మందపు మట్టిగోడలును, గూనపెంకులును పోయి, గల్ఫు దేశములయందు మనవారు చెమటోడ్చి పంపిన ధనముతో సిమెంటు స్లాబు ఇండ్లు లేచినవి. వానను, గాలిని ఓర్చు గట్టి యిల్లు కోరుట న్యాయమే. మేము దానిని నిందింపము. కాని పగలెల్ల ఎండను త్రాగిన స్లాబు రాత్రియెల్ల ఆ వేడిమిని లోపలికి విడుచుచుండును. ఆ యింట బీడీలు చుట్టు స్త్రీకిని, పసిబిడ్డకును, వృద్ధులకును నిద్ర యెక్కడిది? ఎడారి యెండలో కష్టించి కొడుకు కట్టించిన యిల్లే తల్లికి కొలిమి యగుట విచారకరము గదా!

దీనికి ఏ.సి. యంత్రమే మందని పలువురు తలచుచున్నారు. ఆ యంత్రము గదిలోని వేడిమిని తోడి బయట పోయును. బయట గాలియే 45 డిగ్రీలున్నప్పుడు అది లోతైన బావినుండి నీరు తోడుటవంటిది. శ్రమ యెక్కువ, విద్యుత్తు ఖర్చెక్కువ. అదే వేడిమిని 28 డిగ్రీల నేలలోనికి పంపినచో నిండుబావినుండి తోడినట్లు సులువగును. హీట్‌పంపు అను యంత్రము చేయు పని యిదియే. నేలలో పాతిన గొట్టములందు నీరు తిరుగుచు వేడిమిని మోయును. ఒక పాలు విద్యుత్తుతో మూడు నాలుగు పాళ్ల వేడిమిని తరలింపవచ్చును. 1852లో కెల్విన్ ప్రభువు సూచించిన ఈ తత్త్వమునకు నేలను జతచేయు పద్ధతికి 1912లో జోయెలీ స్విట్జర్లండున పేటెంటు పొందెను. నేడు స్వీడను దేశమున లక్షలకొలది ఇండ్లు చలికాలమున ఇట్లే వెచ్చబడుచున్నవి.

ఇంతకంటె సులభమైన మార్గము మఱియొకటి గలదు. గాలినే భూగర్భపు గొట్టముగుండ నడిపి యింటిలోనికి తెచ్చుట. గురుగ్రామము చెంత గువాల్ పహాడీయందు టెరీ సంస్థవారి శిక్షణాలయమున నాలుగు మీటర్ల లోతున, ఒక్కొక్కటి 70 మీటర్ల పొడవుగల నాలుగు సొరంగములద్వారా గదులకు గాలి అందింపబడినది. వేసవిని చల్లబఱచు ఈ గొట్టమే పుష్యమాసపు చలిరాత్రులందు వెచ్చదన మొసగును.

భూగర్భోష్ణ మనగానే కొందఱికి మణుగూరు తలపునకు వచ్చును. అచ్చట పగిడేరునందలి వేడినీటి బోరు ఆధారముగా సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల విద్యుత్కేంద్రమును ప్రయోగముగా చేపట్టినది. అది లోతునందలి వేడిమి. కొన్ని తావులకే కలిగిన భాగ్యము. మేము చెప్పునది ప్రతి యింటి పునాది క్రిందను ఉన్న చల్లదనమును గూర్చి.

ఇందలి చిక్కులను దాచుట తగదు. చలిదేశములందు వేసవిని నేలలో దాచిన వేడిమిని శీతకాలమున తిరిగి తీసికొందురు. మనకు దాచుటయే గాని తీయుట తక్కువ. గొట్టములు కుఱుచగను, దగ్గఱదగ్గఱగను ఉన్నచో చుట్టుపట్ల నేల క్రమముగా వేడెక్కును. వర్షకాలమున గాలి గొట్టములందు తేమ చేరి బూజు పట్టును. కావున వాలుగా వేసి నీరు బయటికి పోవు దారి యుంచవలయును. అన్నిటికంటె పెద్దది ఖర్చు. కట్టిన యింటి చుట్టు త్రవ్వుటకంటె పునాది త్రవ్వునప్పుడే గొట్టము పఱచుట చౌక. నీరు పడక విడిచిన బోర్లు మన పల్లెలయందు కొదువలేదు. గ్రానైటు రాయి వేడిమిని చక్కగా మోయును. పసిపిల్లల ప్రాణములకు ముప్పుగా నోరు తెఱచియున్న ఆ గోతులందు గొట్టములు దింపి, సందులు పూడ్చి, పనికివచ్చునో లేదో పరీక్షింపరాదా?

ఇల్లు కట్టువారికి మా మనవి యిది. ముందు కప్పునకు తెల్లసున్నమును, పడమటి గోడకు చెట్టునీడను కల్పింపుడు. పిదప నేలవంక చూడుడు. కప్పుల చల్లదనమునకై తెలంగాణ ప్రభుత్వము 2023లో విధానము ప్రకటించినది. ఆ శ్రద్ధ నేలలోనికిని దిగవలయును. మెట్‌పల్లియందు ఒక ప్రభుత్వ పాఠశాలకో, ప్రసూతి గదికో ఈ యేర్పాటు చేసి, మూడు వేసవుల లెక్కలను ప్రజల యెదుట నుంచినచో, ఏది లాభమో, ఏది నష్టమో గృహస్థులే తేల్చుకొందురు. ఒక్క పేదవాని సొమ్ముతో ప్రయోగము చేయరాదు. అది ప్రజాధనముతో, అందఱి కన్నుల యెదుట జరుగవలసిన పని.