చుక్కలు ఎందుకు మాయమయ్యాయి? చెప్పగలరా!

ప్రాజెక్టు కోసం వెబ్‌పేజీ చేస్తున్నారు. జాబితాకు యూఎల్, ఎల్ఐ ట్యాగ్‌లు సరిగ్గానే రాశారు. టెయిల్‌విండ్ జత చేయగానే ముందున్న చుక్కలన్నీ మాయం! కోడ్‌లో తప్పేమోనని పదేపదే వెతుకుతారు. తప్పు మీది కాదు. కానీ అలా ఎందుకైందో చెప్పలేకపోతే ఫ్రంట్‌ఎండ్ ఇంటర్వ్యూలో ఇబ్బందే.

అసలు కారణం

2017లో వచ్చిన టెయిల్‌విండ్‌లో ఒక్కో క్లాసుకు ఒక్కో చిన్న పని ఉంటుంది. ఇవే యుటిలిటీ క్లాసులు. బ్రౌజర్ తనంతట తాను ఇచ్చే అలంకరణను ఇది ముందుగా తీసేస్తుంది. ఆ ఏర్పాటు పేరు ప్రీఫ్లైట్. చుక్కలు, అంకెలు, ఎడమవైపు ఖాళీ అన్నీ అందులోనే పోతాయి. కావాల్సినవి మనమే తిరిగి అడగాలి.

మన ఊరి నుంచే సాధన

రుద్రవరంలో ఉన్నా, నంద్యాలలో ఉన్నా సాధనకు అడ్డేమీ లేదు. బ్రౌజర్‌లో టెయిల్‌విండ్ ప్లే తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. దగ్గర్లోని అహోబిలం మీద ఒక పేజీ మొదలుపెట్టండి. జ్వాలా, మాలోల, భార్గవ, పావన... ఇలా నవ నారసింహుల పేర్లు తొమ్మిదీ రాయండి. క్లాసుల పేర్లను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

* లిస్ట్-డిస్క్: చుక్కలు తిరిగి వస్తాయి. అయితే పెట్టె అంచు దాటి ఎడమకు పోతాయి.
* పీఎల్-5: ఎడమవైపు 20 పిక్సెళ్ల చోటు ఇస్తుంది. చుక్కలు లోపలికి వస్తాయి.
* స్పేస్-వై-2: వరసల మధ్య 8 పిక్సెళ్ల ఎడం.
* మార్కర్:టెక్స్ట్-రెడ్-600: అక్షరాలు అలాగే ఉండి చుక్క మాత్రమే ఎర్రబడుతుంది.

పీఎల్-5 బదులు లిస్ట్-ఇన్‌సైడ్ కూడా వాడొచ్చు. కానీ వాక్యం పొడవై రెండో వరసకు వస్తే, అది చుక్క కిందకు జారుతుంది. ఫోన్ తెరపై ఈ తేడా బాగా కనిపిస్తుంది.

క్రమం ముఖ్యమైతే యూఎల్ కాదు, ఓఎల్ వాడాలి. ఆళ్లగడ్డ నుంచి వెళ్తే ముందు దిగువ అహోబిలం, తర్వాత ఎగువ అహోబిలం. ఇక్కడ లిస్ట్-డెసిమల్ పెడితే అంకెలొస్తాయి. లిస్ట్ పక్కన గీత, చదరపు బ్రాకెట్లలో తెలుగు అని ఇంగ్లిష్‌లో రాసి చూడండి. ౧, ౨ అంటూ మన అంకెలే ప్రత్యక్షమవుతాయి!

కనిపించని వారి కోసం

చుక్కల్లేని జాబితాను ఆపిల్ సఫారీలో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ జాబితాగా చెప్పకపోవచ్చు. చూపులేని వారికి అది తొమ్మిది పేర్ల వరస అని తెలియదు. అందుకే చుక్కలు వద్దనుకుంటే యూఎల్‌కు రోల్ అనే యాట్రిబ్యూట్‌లో లిస్ట్ అని ఇవ్వాలి. ఈ సంగతి ఇంటర్వ్యూలో మీరే ప్రస్తావిస్తే మంచి మార్కులే పడతాయి.

క్లాసుల పేర్లు ఏఐ టూల్ అయినా క్షణాల్లో చెప్పేస్తుంది. కారణం మాత్రం మీ నోటి నుంచే రావాలి. ఒక్కో క్లాసు వెనకున్న సీఎస్ఎస్ వరస ఏంటో నోట్‌బుక్‌లో రాసుకోండి. క్లాసు తీసేయండి, ఏం మారిందో చూడండి, మళ్లీ పెట్టండి. ఒక్క జాబితాతో ఇవాళే మొదలుపెట్టండి మరి!