దించితే రెక్క, ఎత్తితే దారి

తెరచాప పడవను చూసినప్పుడు కళ్ళు ముందు పైకే పోతాయి. ఎత్తైన తెరకొయ్య, గాలికి పొంగిన చాప, దాన్ని బిగబట్టిన తాళ్ళు. కానీ పడవ నడకలో సగం పని నీటి కింద, కంటికి కనిపించని చోట జరుగుతుంది. ఆ పని చేసేది ఒక పలక. పడవ అడుగున నట్టనడుమ ఉన్న సన్నని చీలికలోంచి అది కిందికి దిగుతుంది. అక్కర తీరాక పైకి లేచి పడవ పొట్టలో దాక్కుంటుంది. దాని పేరు సెంటర్‌బోర్డ్. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకునే పిల్లలు ఒడ్డు వదలగానే తమ ఆప్టిమిస్ట్ పడవలో నిలువుగా దించే చిన్న పలక కూడా ఈ వంశానిదే.

ఈ యంత్రం కథలో రెండు పాయలున్నాయి. పలకను కనిపెట్టడం ఒకటి, దాన్ని ఎత్తి దించే ఏర్పాటు కుదుర్చుకోవడం మరొకటి. మొదటిది చరిత్రకెక్కింది. పడవ ఆయుష్షు మాత్రం రెండోదాని మీద ఆధారపడి ఉంది. పాత పడవలను బాగుచేసేవాళ్ళకు ఈ సంగతి చేతులతో తెలుసు.

గాలికి ఎదురు నడక

గాలి వాటున పోవడానికి చాప ఒక్కటి చాలు. గాలి వచ్చే దిక్కుకే వెళ్ళాలంటే చిక్కు. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు వెళ్ళలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో కాసేపు ఇటు, కాసేపు అటు వంకరటింకరగా వెళుతూ ముందుకు జరుగుతుంది. ఆ కోణంలో చాప మీద పుట్టే బలంలో ఎక్కువ భాగం పడవను పక్కకు నెడుతుంది, ముందుకు లాగేది కొద్దిపాటే. అడుగు చదునుగా ఉన్న పడవ అయితే ఆ నెట్టుడుకు పక్కకు జారిపోతుంది.

పలక దించితే లెక్క మారుతుంది. పక్కగాలికి పడవ కొంచెం జారుతూనే ముందుకు పోతుంది కాబట్టి పలక నీటిని మూడు నుంచి అయిదు డిగ్రీల ఏటవాలులో కోస్తుంది. విమానం రెక్క గాలిలో ఎలా పైకి బలం పుట్టిస్తుందో, నిలువుగా నిలబడిన ఈ పలక నీటిలో అలాగే పక్కకు బలం పుట్టిస్తుంది. చాప నెట్టుడుకు ఎదురు నిలిచేది ఆ బలమే. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. అందుకే చాప వైశాల్యంలో నూటికి నాలుగు వంతుల పలక ఉన్నా చిన్న పడవకు సరిపోతుంది.

ఈ బలం కోసం పడవ అడుగున లోతైన దూలాన్ని శాశ్వతంగా బిగించవచ్చు. చాలా పడవలకు అలాగే బిగిస్తారు. అలాంటి పడవ నదీముఖాల్లోకి, ఇసుక మేటల మీదికి రాలేదు. లోతు కావాలి, లోతు ఉండకూడదు. ఈ రెండు కోరికలూ ఒకే పడవలో తీరాలంటే పలక కదలాల్సిందే.

కప్పీల మంచం అధికారి

ఈ ఆలోచన చాలా పాతది. ఈక్వడార్, పెరూ తీరాల్లో బల్సా దుంగల తెప్పల మీద ప్రయాణించినవాళ్ళు దుంగల సందుల్లో గ్వారా అనే పలకలు దించేవారు. 1947లో థోర్ హెయర్డాల్ బృందం కోన్-టికి తెప్ప మీద పసిఫిక్‌లో 101 రోజులు ప్రయాణించినప్పుడు ఆ పలకలను ఎత్తీ దించీ తెప్ప దిక్కును మార్చవచ్చని గమనించింది. డచ్చివారు తమ చదునడుగు పడవల ఇరుపక్కలా పెద్ద పలకలు వేలాడదీసి, గాలి నెట్టే వైపున ఉన్నదాన్ని నీటిలోకి వదిలేవారు.

పలకను పడవ మధ్యలోకి తెచ్చి నౌకాదళం దృష్టికి తీసుకెళ్ళినవాడు బ్రిటిష్ అధికారి జాన్ షాంక్. 1774లో బోస్టన్‌లో లార్డ్ పెర్సీ కోసం ఇలాంటి పడవను కట్టాడు. షాంక్‌కు కప్పీలంటే ప్రాణం. తన మంచానికే కప్పీలు బిగించుకుని, పడుకున్న చోటి నుంచే దాన్ని పైకీ కిందికీ కదుపుకునేవాడు. ఎత్తడం, దించడం అనే పని మీద అంత మనసున్నవాడికి ఓడ అడుగును కూడా కదపవచ్చన్న ఊహ రావడం సహజమే.

షాంక్ పద్ధతిలో కట్టిన ఓడల్లో పేరు తెచ్చుకున్నది లేడీ నెల్సన్. 60 టన్నుల చిన్న ఓడ, 1798లో నీటిలోకి దిగింది. ముందు, మధ్య, వెనక ఒక్కొక్కటి చొప్పున మూడు పలకలు నిలువుగా జారేవి. పెద్ద ఓడలు వెళ్ళలేని లోతు తక్కువ తీరాలను కొలవడం దాని పని. 1800లో జేమ్స్ గ్రాంట్ దాన్ని ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు నడిపి, పడమటి నుంచి తూర్పుకు బాస్ జలసంధిని తొలిసారి దాటాడు.

ఆ ఓడ బలహీనత కూడా అక్కడే బయటపడింది. 1802లో మాథ్యూ ఫ్లిండర్స్ ఇన్వెస్టిగేటర్ ఓడలో ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట సాగుతున్నప్పుడు లేడీ నెల్సన్ తోడుగా వెళ్ళింది. దారిలో మధ్య పలక పోయింది, వెనక పలకలోనూ కొంత విరిగిపోయింది. ఇక అది గాలికి ఎదురు నడవలేక వెనకబడిపోసాగింది. అక్టోబరులో ఫ్లిండర్స్ దాన్ని సిడ్నీకి తిప్పి పంపేశాడు. ఓడ బాగానే ఉంది, మనుషులు బాగానే ఉన్నారు. నీటి కింది పలకలు లేకపోయేసరికి ప్రయాణం ఆగిపోయింది.

నిలువుగా జారే పలక నేలను తాకితే తప్పుకునే దారి లేదు. ముందుకు పోతున్న ఓడ వేగమంతా ఆ పలక మీద, అది కూర్చున్న గది గోడల మీద పడుతుంది. అందుకే అది విరుగుతుంది, లేదా వంగి ఇరుక్కుపోతుంది.

దీనికి విరుగుడు అమెరికాలో దొరికింది. 1811 ఏప్రిల్ 10న న్యూజెర్సీలోని కేప్ మే కౌంటీకి చెందిన స్వెయిన్ కుటుంబంలోని ముగ్గురు ఒక పేటెంట్ పొందారు. పలక ముందు కొసను ఒక ఇరుసుకు తగిలించి, వెనక కొసను తాడుతో ఎత్తే పద్ధతి అది. నేల తగిలితే పలక ఆ ఇరుసు మీద వెనక్కి తిరిగి తనంతట తానే పైకి లేస్తుంది. ఇసుక మేటల తీరానికి సరిగ్గా సరిపోయిన ఈ యంత్రం అక్కడి సరుకు పడవల్లోకి, చేపల పడవల్లోకి, తర్వాత ధనికుల పందెపు పడవల్లోకి పాకింది.

వైభవం, విషాదం

కీర్తితోపాటు అతి కూడా వచ్చింది. పలక ఉంది కదా అని పడవలను ఇంకా వెడల్పుగా, ఇంకా లోతు తక్కువగా కట్టారు. పలక పక్కకు జారకుండా ఆపుతుందే గాని, బోల్తా పడకుండా కాపాడే బరువు అందులో ఉండదు. 1876 జులైలో న్యూయార్క్ దగ్గర స్టాటెన్ ఐలండ్ తీరాన లంగరు వేసి ఉన్న మోహాక్ అనే భారీ పడవ చాపలు ఎత్తి ఉండగా వచ్చిన ఈదురుగాలికి ఒరిగిపోయింది. లోపల కట్టని బరువులు ఒక పక్కకు దొర్లాయి. యజమాని విలియం గార్నర్, ఆయన భార్య, మరికొందరు మునిగిపోయారు.

ఆ తర్వాత రాజీ కుదిరింది. 1885లో ఎడ్వర్డ్ బర్జెస్ గీసిన ప్యూరిటన్ అడుగున సీసపు దూలమూ ఉంది, దానిలోంచి దిగే పలకా ఉంది. బ్రిటన్ పడవ జెనెస్టాను ఓడించి అది అమెరికాస్ కప్‌ను నిలబెట్టింది. ఈ జోడీకి పతాక సన్నివేశం ఫినిస్టెర్. స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ సంస్థ రూపకల్పనతో 1954లో తయారైన ఈ పడవ పొడవు 11.8 మీటర్లు, పలక ఎత్తితే మునక 1.2 మీటర్లే. కార్ల్టన్ మిచెల్ దీన్ని నడిపి 635 నాటికల్ మైళ్ళ న్యూపోర్ట్-బెర్ముడా పందాన్ని 1956, 1958, 1960లలో వరసగా మూడుసార్లు గెలిచాడు. నడిసముద్రంలోనూ ఎత్తి దించే పలక నిలబడగలదని తేలింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఇదే పోలికతో ఎన్నో ఫైబర్‌గ్లాస్ పడవలు వచ్చాయి. ఇవాళ బాగుచేతకు వచ్చే పాత పడవల్లో చాలా భాగం ఆ తరానివే.

పలక గదిలో ఏముంటుంది

అలాంటి పడవను నేల మీదికి ఎత్తి, అడుగు చీలికలోకి దీపం వేసి చూస్తే యాభై ఏళ్ళ రసాయన శాస్త్రం కనిపిస్తుంది. గోడలకు గుల్లలు అతుక్కుని ఉంటాయి. పలక ఉక్కుదైతే పొరలు పొరలుగా ఉబ్బి ఉంటుంది. తుప్పు తనకు పుట్టుకనిచ్చిన ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఒకప్పుడు వదులుగా ఆడిన పలక అదే చీలికలో బిగుసుకుపోవడానికి కారణం అదే.

ఇరుసు దగ్గర మరో గొడవ. ఉక్కు పలక, కంచు బుష్, స్టెయిన్‌లెస్ పిన్ను ఉప్పునీటిలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే అదొక బ్యాటరీ అవుతుంది. మూడింటిలో బలహీనమైన లోహం ముందుగా కరుగుతుంది. గుండ్రని రంధ్రం కోలగా మారుతుంది, పలక అలల ఊపుకు టకటకా కొట్టుకుంటుంది.

అన్నిటికన్నా మోసపూరితమైనది పలకను ఎత్తే స్టెయిన్‌లెస్ తీగతాడు. పలక వెనక కొస నుంచి ఒక గొట్టంలోంచి పైకి వచ్చి విన్చ్‌కు చుట్టుకుంటుంది. పైభాగం మెరుస్తూనే ఉంటుంది. స్టెయిన్‌లెస్ ఉక్కును కాపాడేది దాని మీద ఉండే పలచని క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర చిరిగినప్పుడల్లా ఆక్సిజన్ దాన్ని అతుకుతుంది. గొట్టంలో కదలకుండా నిలిచిన నీటిలో ఆక్సిజన్ తరిగిపోతుంది, అతుకు పడదు. తీగ లోపలి నుంచి పుచ్చిపోయి ఒకరోజు తెగుతుంది. ఆ క్షణాన బరువైన పలక ఒక్కసారిగా కింద పడి గది గోడను గుద్దుతుంది.

బతికున్న తీగ కూడా ఊరుకోదు. పలక దించి అయిదు నాట్ల వేగంతో వెళుతుంటే నీటిలోకి సాగిన ఆరు మిల్లీమీటర్ల తీగ వెనక సుడులు ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ పుడతాయి. వేగాన్ని తీగ మందంతో భాగించి 0.2తో గుణిస్తే సెకనుకు సుమారు 85 సుడి జతలు. పడవ పొట్ట అంతా తంబురాలా మంద్రంగా మోగుతుంది. వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది.

కొత్త ఎత్తుడు ఏర్పాటు

ఇక మార్పు. పాత పడవల్లో తీగను చుట్టుకునే డ్రమ్ము విన్చ్‌లు ఉండేవి. బ్రేకు జారితే హ్యాండిల్ గిర్రున తిరిగి చేతిని విరగ్గొట్టగలదు. చాలామంది దాన్ని తీసేసి తాడు, కప్పీల వరుస పెడతారు. ఎంత బలం కావాలో లెక్కగట్టి చూద్దాం.

పలక 60 కిలోల ఉక్కు అనుకుందాం. ఉక్కు నీటికన్నా 7.85 రెట్లు బరువు, కాబట్టి నీటిలో ఎనిమిదో వంతు తేలికై దాదాపు 52 కిలోలుగా తూగుతుంది. బరువు కేంద్రం ఇరుసు నుంచి 60 సెంటీమీటర్ల దూరాన, తాడు కట్టిన చోటు మీటరు దూరాన ఉంటే, పలక అడ్డంగా పైకి వచ్చే ఆఖరి ఘట్టంలో తాడు మీద 31 కిలోల లాగుడు కావాలి. బావి గిలక తాడు దిశను మాత్రమే మారుస్తుంది, బిందె బరువు తగ్గించదు. అదే కప్పీ బరువుతోపాటు కదిలేలా అమర్చి, నాలుగు పాయల తాడు ఆ బరువును పంచుకునేలా చేస్తే లాగుడు నాలుగో వంతుకు పడుతుంది. రాపిడి కలుపుకుని చేతికి 9, 10 కిలోలు తెలుస్తాయి. బదులుగా పలక కొస ఒక మీటరు లేవాలంటే నాలుగు మీటర్ల తాడు లాగాలి.

తీగ స్థానంలోకి ఇప్పుడు డైనీమా తాడు వస్తోంది. నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం కంపెనీలో పుట్టిన పాలిథిలీన్ పోగు ఇది. అదే మందం ఉక్కు తీగతో పోటీపడే బలం ఉంది, తుప్పు లేదు, నీటి మీద తేలుతుంది. దీని శత్రువు పదునైన అంచు. అందుకే గొట్టం కొసలను నున్నగా గుండ్రంగా అరగదీశాకే తాడు వేస్తారు. ఎక్కించడంలో ఒక మెలకువ ఉంది. పాత తీగను పీకేముందే దాని కొసకు సన్నని తాడు కట్టాలి. తీగ బయటికి వస్తూ ఆ తాడును గొట్టంలోకి లాక్కుపోతుంది. ఆ సన్నతాడుతో కొత్తదాన్ని లాగుతారు. ఇది మరిచిపోతే చీకటి గొట్టంలోంచి తాడును పంపడానికి పూటలు గడిచిపోతాయి.

ఇక్కడే బాగుచేసేవాడి వివేకానికి పరీక్ష. నాలుగు పాయలు బాగున్నాయి కదా, ఎనిమిది చేద్దాం, లేదా మోటారు పెడదాం అనిపిస్తుంది. పలక మధ్యలో గులకరాయి ఇరుక్కుంటే పది కిలోల లాగుడు వెంటనే ముప్పై అవుతుంది, చెయ్యి ఆగిపోతుంది. బలం మరీ ఎక్కువైన యంత్రం ఆ సంగతి చెప్పదు. రాయితోపాటు పలకనూ వంచేస్తుంది. లోతు తక్కువ నీటిలో పలక కొస నేలను రాసినప్పుడు తాడు వదులవుతుంది. ఆ వదులు చేతికి తెలిసిన నావికుడికి పడవ ఎక్కడుందో తెలిసినట్టే. అలాగే పలక లేవకుండా దాన్ని కిందికి బిగించి కట్టేసే మార్పు ఎంత దృఢంగా కనిపించినా చేయకూడదు. అలా చేస్తే స్వెయిన్‌లు ఇచ్చిన ఇరుసు వృథా అవుతుంది. లేడీ నెల్సన్‌కు పట్టిన గతే ఆ పడవకూ పడుతుంది.

షాంక్ ఓడల్లో, మోహాక్‌లో, విన్చ్ తీగల్లో జరిగిన నష్టాలన్నిటికీ మూలం ఒకటే అని నాకు అనిపిస్తుంది. నీటి కింద ఉన్నదాన్ని మరిచిపోవడం. అందుచేత పాత పడవకు చేయగల మంచి మార్పు ఎక్కువ బలాన్నిచ్చేది కాదు, మళ్ళీ విప్పి చూడనిచ్చేది. ఇరుసును గాజుపోగుతో పూడ్చేయకుండా బయటినుంచి బోల్టు విప్పితే ఊడి వచ్చేలా పెట్టాలి. తాడు కొసను పైనుంచే మార్చగలిగేలా చూడాలి. పలక గదికి పైన ఒక తనిఖీ మూత ఉండాలి. ఈ మూడూ ఉన్న పడవను ఇంకో ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరు చేపట్టినా, గోడలు పగలగొట్టకుండా పని మొదలుపెట్టగలరు. బాగుచేత అంటే ఆ మనిషికి కూడా వీలు మిగల్చడమే.