చమురు గడ్డపై వాతావరణ సదస్సులు: జనం ఎందుకు నమ్మడం లేదు?

2024 నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సు జరిగింది. ఆతిథ్య దేశాధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్ వేదికనెక్కి, చమురు, సహజవాయువు దేవుడిచ్చిన వరమనీ, వాటిని విపణికి తెచ్చినందుకు ఏ దేశాన్నీ నిందించరాదనీ అన్నారు. ఆ ఇంధనాల వల్ల వేడెక్కుతున్న భూమిని కాపాడే దారి వెతకడానికి ప్రపంచ దేశాల ప్రతినిధులు కూడిన సభ అది! వరమే, కాదనలేము. వాన కూడా వరమే, సముద్రమూ వరమే. అయితే దైవం ప్రసాదించిన ప్రతిదీ అమానత్ అనీ, దాని వాడకానికి లెక్క చెప్పవలసి ఉంటుందనీ నమ్మేవాళ్ళం మనం. లెక్క తేల్చవలసిన సభలో వరాన్ని మాత్రమే గుర్తు చేయడం మాకు సగం మాటగానే తోచింది.

ఇటువంటి సదస్సులంటే సామాన్యులు పెదవి విరుస్తున్నారంటే ఆశ్చర్యం లేదు. మొదటిది 1995లో బెర్లిన్‌లో జరిగింది. కరోనా వల్ల 2020లో ఆగడం తప్ప ఏటా జరుగుతూ, 2025లో బ్రెజిల్‌లోని బేలెమ్ నగరంలో ముప్ఫయ్యవది ముగిసింది. బెర్లిన్ నాటికి గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళకు సుమారు 360 పాళ్ళున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఉష్ణోగ్రతలను కొలవడం మొదలైనప్పటి నుంచి అత్యంత వేడి సంవత్సరంగా 2024 నమోదైంది.

ఈ సభల్లో పోరాటం ఎక్కువగా మాటల మీదే నడుస్తుంది. 2021లో గ్లాస్గోలో బొగ్గును దశలవారీగా ‘తొలగించాలి’ అన్న మాట చివరి గంటల్లో ‘తగ్గించాలి’గా మారింది. మార్పు కోరింది మన దేశమే. చైనా కూడా అదే కోరింది. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ గొంతు పూడుకుపోగా సభకు క్షమాపణ చెప్పారు. ప్రపంచమంతా భారత్‌ను తప్పుపట్టింది. మన దేశంలో తలసరి కాలుష్యం ప్రపంచ సగటులో సగం కూడా ఉండదు. పైగా పేదదేశాలు ఆధారపడే బొగ్గును పేరుపెట్టి చెప్పి, సంపన్నులు కాల్చే చమురు, వాయువుల ఊసెత్తకపోవడం ఏ న్యాయం? 2023లో దుబాయ్ సదస్సుకు అధ్యక్షత వహించింది అబూదాబీ ప్రభుత్వ చమురు సంస్థ అధిపతి సుల్తాన్ అల్ జాబిర్. విచిత్రమేమంటే, శిలాజ ఇంధనాలన్నిటి నుంచీ మళ్ళాలన్న మాట తొలిసారి తీర్మానంలోకి ఎక్కింది అక్కడే. అందుకు ఇరవై ఎనిమిది సభలు పట్టాయి. ఎలా మళ్ళాలో దారిపటం గీద్దామని బేలెమ్‌లో ఎనభైకి పైగా దేశాలు కోరినా, తుది తీర్మానంలో శిలాజ ఇంధనాల పేరైనా కనిపించలేదు.

ఎందుకిలా? ఈ సభల్లో ఓటింగు లేదు. ఓటింగు నియమాన్ని చమురు ఎగుమతి దేశాలు ఆదిలోనే అడ్డుకున్నాయి. వాటిలో సౌదీ అరేబియా ముఖ్యమైనది. ఆ నియమం నేటికీ ఆమోదం పొందలేదు. అందుచేత అందరూ ఒప్పుకున్నదే తీర్మానం అవుతుంది. అంటే, అందరికంటే తక్కువ చేయదలచిన దేశం ఎక్కడ ఆగితే సభ కూడా అక్కడే ఆగుతుంది. ఇందులో రహస్యమైన కుట్రేదీ లేదు, బాహాటంగా నడుస్తున్న పద్ధతే ఇది.

మాటల సంగతి అలా ఉంచితే, డబ్బు దగ్గర అపనమ్మకం మరింత లోతుకు దిగుతుంది. 2020 నాటికి పేదదేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చాయి. ఆ మొత్తం 2022లో గాని పూర్తికాలేదు. అందులోనూ పెద్దభాగం అప్పులే. సరిగ్గా ఆ 2022లోనే పాకిస్తాన్‌ను వరదలు ముంచెత్తాయి. 1,700 మందికి పైగా మరణించారు, 3 కోట్ల 30 లక్షల మంది బాధితులయ్యారు. ప్రపంచ కాలుష్యంలో ఆ దేశం వాటా ఒక శాతం కూడా లేదు. చేయని నేరానికి శిక్ష అనుభవించినవాడిని మళ్ళీ అప్పు తీసుకోమనడాన్ని సాయమని ఎలా పిలవాలి? బాకూలో ఈ మొత్తాన్ని 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లకు పెంచుతామన్నారు. భారత ప్రతినిధి చాందినీ రైనా దాన్ని కంటికి కట్టిన భ్రమగా అభివర్ణించి తిరస్కరించారు. అప్పటికే తీర్మానం ఆమోదం పొందినట్లు ప్రకటించేశారు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతీ దాచకుండా చెప్పుకోవాలి. హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాల పొయ్యి వెలిగేది గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతోనే. ఆ డబ్బుకు మూలం చమురు. కొత్తగూడెం, గోదావరిఖని కుటుంబాలకు సింగరేణి బొగ్గే ఆధారం. గనులు మూతపడితే ఊరి కళ ఎలా పోతుందో బెల్లంపల్లి వాసులకు తెలుసు. దుబాయ్ తీర్మానంలో ‘న్యాయబద్ధంగా’ మళ్ళాలని రాశారు గాని, గని కార్మికుడి కొడుక్కి, గల్ఫ్ కూలీకి ఆ న్యాయం ఏ రూపంలో అందుతుందో రాయలేదు. ఇంధనం మార్చుకోమన్న మాటను వీళ్ళు అనుమానంగా చూస్తే అది అజ్ఞానం కాదు.

అయితే అపనమ్మకాలన్నీ ఒక్కటి కావు. హామీకి లెక్క అడిగే అపనమ్మకం ఒకటి. ‘అంతా బూటకం, ఏమీ మారదు, కాల్చుకుందాం’ అనేది మరొకటి. ఈ రెండోది చమురు అమ్మేవాడికి ఎంతో ఇష్టమైనది. అది వాస్తవం కూడా కాదు. ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువులపై 1987లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం అమలైంది, ఆ పొర కోలుకుంటోంది. ప్రత్యామ్నాయ వాయువులు దొరకడం, పేదదేశాల ఖర్చుకు నిధి ఏర్పడడం అందుకు తోడ్పడ్డాయి. వాతావరణం విషయంలోనూ, 2015లో ప్యారిస్ ఒప్పందం నాటికి భూమి 3.5 డిగ్రీల దాకా వేడెక్కవచ్చన్న అంచనా ఉండేది. నేటి విధానాలతో అది 2.8 డిగ్రీలకు తగ్గిందని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం చెబుతోంది. ఇది చాలదు, కానీ శూన్యమూ కాదు.

సభ ఆగినచోట ఆగనవసరం లేదని కొన్ని దేశాలు గ్రహించినట్లున్నాయి. శిలాజ ఇంధనాల నుంచి మళ్ళడంపై కొలంబియాలోని సాంటా మార్తాలో వేరుగా సమావేశమవుతామని కొలంబియా, నెదర్లాండ్స్ బేలెమ్‌లోనే ప్రకటించాయి. ముస్లిం పండితులు అంతకు చాలా ముందే నోరు విప్పారు. 2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో సమావేశమై, కాలుష్య వాయువులను ఈ శతాబ్ది మధ్యనాటికైనా ఆపాలని సంపన్న దేశాలనూ, చమురు దేశాలనూ పేరెత్తి మరీ కోరారు. ఆ ప్రకటన వెలువడిన టర్కీలోనే, అంటాల్యా నగరంలో, ముప్ఫయ్యొకటో సదస్సు జరపాలని బేలెమ్‌లో నిర్ణయమైంది. టర్కీ విద్యుత్తులో దాదాపు మూడోవంతు నేటికీ బొగ్గు నుంచే వస్తోంది.