బ్యారెల్‌లో ఊరిన బార్లీవైన్: గ్లాసు చిన్నది, లెక్క పెద్దది

ఇవాళ టేబుల్ మీద ఉన్న సీసా పేరు సుకాబా. కాలిఫోర్నియాలో పాసో రోబుల్స్ అనే ఊళ్లో ఫైర్‌స్టోన్ వాకర్ వాళ్లు చేస్తారు. మొదట్లో దీని పేరు అబాకస్. ఆ పేరు విషయంలో ఒక వైనరీతో ట్రేడ్‌మార్క్ తకరారు రావడంతో, 2012లో అవే అక్షరాలు తిరగేసి సుకాబా అన్నారు. మన భాషలో చెప్పాలంటే స్ట్రింగ్ రివర్స్ చేశారు, అంతే.

ముందు ఒక డౌట్ తీర్చేద్దాం. పేరులో వైన్ ఉంది కదా, ఇది వైనా, బీరా? నూటికి నూరుపాళ్లూ బీరే. ద్రాక్షపండు ఒక్కటి కూడా ఉండదు, అంతా బార్లీ మాల్టే. వైన్ అంత ఘాటుగా ఉంటుంది కాబట్టి ఇంగ్లండ్‌లో ఆ పేరు వచ్చింది. బర్టన్ ఊరి బాస్ కంపెనీ నంబర్ 1 ఏల్ ఈ రకానికి పాత ఉదాహరణ. అమెరికాలో 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ వాళ్లు ఓల్డ్ ఫాగ్‌హార్న్‌తో దీన్ని మొదలుపెట్టారు. 1983లో సియెర్రా నెవాడా వాళ్ల బిగ్‌ఫుట్ వచ్చింది. అక్కడ లేబుల్ మీద "బార్లీవైన్ స్టైల్ ఏల్" అని రాస్తారు, కొనేవాడు వైన్ అనుకోకుండా.

మరి ఇంత ఘాటు ఎలా వస్తుంది? ఆల్కహాల్ చక్కెర నుంచే వస్తుంది. మామూలు బీరుకి వేసే మాల్ట్‌కి రెట్టింపు దాకా వేస్తారు. వచ్చిన తీపి ద్రవాన్ని గంటల తరబడి మరిగిస్తారు. నీళ్లు ఇగిరి, రంగు ముదిరి, పాకం వాసన వస్తుంది. అరిసెలకి బెల్లం పాకం పట్టేటప్పుడు వంటింట్లో వచ్చే వాసన గుర్తు తెచ్చుకోండి, దాదాపు ఆ దారిలోనే ఉంటుంది. తర్వాత ఈస్ట్ వేస్తారు. ఇక్కడే చిక్కు. ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసపడిపోతుంది. అందుకే ఎక్కువ ఈస్ట్ వేసి, మొదట్లో ఆక్సిజన్ బాగా అందించి, వేడి పెరగకుండా చూసుకోవాలి. తేడా వస్తే పెయింట్ థిన్నర్ లాంటి ఘాటు వాసన మిగులుతుంది.

ఇప్పుడు బ్యారెల్ సంగతి. అమెరికన్ చట్టం ప్రకారం బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. కాబట్టి ఒకసారి వాడిన పీపా ఆ డిస్టిలరీకి మళ్లీ బర్బన్ కోసం పనికిరాదు. దాన్ని బ్రూవరీలు కొనుక్కుంటాయి. సుమారు 200 లీటర్లు పట్టే ఆ పీపా చెక్కలో విస్కీ ఇంకా ఇంకిపోయే ఉంటుంది. ఆవకాయ తీసేసిన జాడీ ఎంత కడిగినా వాసన పోదు చూడండి, అలాగన్నమాట. అందులో బీరు నెలల తరబడి ఊరితే మూడు పనులు జరుగుతాయి. చెక్కలోని విస్కీ బీరులోకి దిగి ఆల్కహాల్ కొంత పెరుగుతుంది. ఓక్ నుంచి వెనిల్లా, కొబ్బరి వాసనలు వస్తాయి. చెక్క గుండా కొద్దికొద్దిగా ఆక్సిజన్ వెళ్లి ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ రుచి తెస్తుంది. ఆక్సిజన్ మితిమీరితే మాత్రం తడిసిన అట్టపెట్టె వాసనే.

సరే, టేస్టింగ్. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగకండి. మరీ చల్లగా ఉంటే వాసనలు బయటికి రావు. 12 నుంచి 15 డిగ్రీల మధ్య బాగుంటుంది. అంచు లోపలికి వంగిన చిన్న గ్లాసు చాలు. రంగు ముదురు రాగి, నురగ తక్కువ. ముక్కుకి ముందు వెనిల్లా, కొబ్బరి, తర్వాత చెర్రీ. నోట్లో ముదురు పాకం, చివర్లో ఓక్ వగరు, గొంతులో వెచ్చదనం. నా ఉద్దేశంలో మంచి బార్లీవైన్‌కి పరీక్ష ఒక్కటే: విస్కీ వాసన వెనక మాల్ట్ రుచి ఇంకా తెలుస్తోందా? తెలియకపోతే మీరు డబ్బులు పెట్టింది పీపాకే, బీరుకి కాదు. ఇందులో తెలుస్తోంది.

ఇప్పుడు అసలు లెక్క. ఇండియాలో స్ట్రాంగ్ బీరు అంటే 8 శాతం లోపే. సుకాబా శాతం ఏడాదిని బట్టి మారుతుంది, లెక్క కోసం 12 అనుకుందాం. 355 మిల్లీలీటర్ల సీసాలో 12 శాతం అంటే సుమారు 34 గ్రాముల ఆల్కహాల్. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాములు. అంటే ఈ ఒక్క సీసా దాదాపు రెండున్నర మామూలు బీర్లతో సమానం. పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి తాగేటప్పుడు అది తెలీదు.

ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, వీకెండ్‌లో బ్రూవరీకి వెళ్లి "ఒక్క బీరే కదా బ్రో" అని కారు తాళాలు తీసేవాళ్లు మనలో ఉన్నారు. ముందు రోడ్డు మీద ప్రాణాలు, మనవీ ఎదుటివాళ్లవీ. ఆ తర్వాత వీసా. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టులో తేలకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకి ఉంది. ఆ తర్వాత ఇంటికి వెళ్తే మళ్లీ స్టాంపింగ్, మెడికల్ పరీక్ష, ఉద్యోగం ఏమవుతుందో అన్న టెన్షన్.

కాబట్టి ఒక సీసా ముగ్గురు పంచుకోండి. పక్కన నీళ్లు పెట్టుకోండి, ఏదన్నా తిని కూర్చోండి. తాగినవాడు స్టీరింగ్ పట్టొద్దు, క్యాబ్ బుక్ చేయండి. తాగే అలవాటు లేనివాళ్లు దీని కోసం మొదలుపెట్టాల్సిన పనేం లేదు, రుచి సంగతి నేను చెప్పేశాను కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.